మూడో అంతస్తు, కాన్పుల వార్డు

నేను బస్సు కండక్టర్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నా గొంతు ఎందుకంత పెద్దదని ఎవరూ అడగరు. నిండు బస్సులో ముందు మెట్టు దగ్గర నిలబడి వెనక సీటు వాళ్ళకి వినపడేలా అరిచీ అరిచీ, ఇంట్లో ఉప్పు అందుకోమంటే పక్కింటివాళ్ళు తెచ్చిచ్చే స్థితికి వచ్చాను. మా అత్తయ్య దీనికి పూర్తిగా విరుద్ధం. ఆవిడ మాట పక్కమంచం రోగి నిద్ర లేస్తాడేమోనన్నంత మెల్లగా ఉంటుంది. అందులో ఆవిడ తప్పు లేదు. జీవితమంతా పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపింది.

లిఫ్టు నడపడమేమిటి, బొత్తాం నొక్కడమేగా అనే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆవిడ నడిపింది బొత్తాల లిఫ్టు కాదు. ఇత్తడి హేండిల్ ఉన్న పాతకాలపు లిఫ్టు. హేండిల్ అటు తిప్పితే పైకి, ఇటు తిప్పితే కిందికి, నడిమికి తెస్తే ఆగుతుంది. ఆగుతుందంటే అక్కడికక్కడే నిలబడిపోదు, బ్రేకు వేసిన బస్సులా కొంచెం జారి ఆగుతుంది. లోపల ఎంత బరువుందో కాళ్ళతో తెలుసుకుని, అంతస్తు రాకముందే చెయ్యి నడిమికి తేవాలి. తొందరపడినా ఆలస్యమైనా లిఫ్టు నేల వరండా నేలకి రెండు వేళ్ళు ఎత్తుగానో పల్లంగానో ఆగిపోతుంది. ఆ రెండు వేళ్ళ ఎత్తు నాకూ మీకూ లెక్కలోది కాదు. స్ట్రెచర్ మీద తొడ ఎముక విరిగి పడుకున్నవాడికి మాత్రం చక్రం అక్కడ ఎగిరిపడితే ప్రాణం పోయి వస్తుంది. మా అత్తయ్య ఆపితే లిఫ్టు నేలా, వరండా నేలా ఒకే మట్టంగా ఉండేవి. ఆపరేషన్ అయినవాళ్ళని కిందికి దించాలంటే వార్డుబాయ్‌లు ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ తెచ్చేవారట.

ఆవిడ రిటైరవగానే ఆ లిఫ్టు పీకేసి బొత్తాలది పెట్టారు. ఒకసారి మోకాలి నొప్పికని తీసుకెళ్తే, ఆ కొత్త లిఫ్టు ముందు చాలాసేపు నిలబడి, చివరికి మెట్లెక్కి వెళ్ళింది. మోకాలి నొప్పితో.

మేమిద్దరం ఇప్పుడు బయల్దేరింది మా ఆడబిడ్డ కూతురి పెళ్ళికి. మా ఆయనకి సెలవు దొరక్క ముహూర్తం దగ్గరపడ్డాక వస్తానన్నాడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఆడబిడ్డ సముద్రాలు దాటి వెళ్ళినా ఆ సగం వాటా వదులుకోలేదు, ఫోనులోనే చలాయిస్తుంది. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఈసారి మంట పెట్టింది మాత్రం తనే. మగపెళ్ళివాళ్ళింట్లో తాత దగ్గర్నుంచి అందరూ డాక్టర్లేనట. బయల్దేరే ముందు ఫోను చేసి, అక్కడ లిఫ్టు సంగతి ఎత్తొద్దని అత్తయ్యకి చెప్పింది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యానని చెబితే చాలట, అది అబద్ధం కూడా కాదట.

అత్తయ్య సరేనంది. నాకే ఆ సరే మింగుడుపడలేదు. ఆడబిడ్డ వైపు కూడా కొంత న్యాయం ఉందని తెలుసు. చిన్నప్పుడు బడి వదలగానే ఆ లిఫ్టులోకే వచ్చి, వాళ్ళమ్మ స్టూలు మీద కూర్చుని కిందికీ పైకీ తిరుగుతూ ఎక్కాలు నేర్చుకుందట. బళ్ళో పిల్లలు 'లిఫ్టు పిల్ల' అని ఏడిపిస్తే ఏడుస్తూ వచ్చేదట. ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది కాబోలు. అయినా తల్లి చేసిన పనిని దాచుకోవడమేమిటని నా కడుపు ఉడికిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకున్నాను. నాలాంటిదాన్ని నోరు మూసుకోమనడం నిండు బస్సుని కొండ మధ్యలో ఆపమనడం లాంటిది.

విమానం మారాల్సిన ఊళ్ళో మాకు పగలంతా ఖాళీ దొరికింది. అలా ఖాళీగా ఉన్నవాళ్ళని బస్సెక్కించి ఊరు చూపించి, వేళకి మళ్ళీ విమానాశ్రయంలో దింపే ఏర్పాటుంది అక్కడ. అత్తయ్య కుర్చీలో కునుకు తీద్దామంది. పరాయి ఊరి గుమ్మందాకా వచ్చి లోపలికి తొంగిచూడకపోతే ఎలాగని నేనే లాక్కుపోయాను. నారింజరంగు జెండా పట్టుకున్న ఒక అమ్మాయి మాకు దారి చూపించే మనిషి. ఆ అమ్మాయి తలలు లెక్కపెట్టేలోపే నేను లెక్కపెట్టేసి, అందరూ ఎక్కారు, రైట్ అన్నాను. డ్రైవరు ఏమర్థం చేసుకున్నాడో, బస్సు కదిలించాడు.

మా ముందు సీట్లో మన భాష మాట్లాడే జంట ఒకటి దొరికింది. ఆయన నెత్తిన ఊలు టోపీ. ఎండ కాస్తున్నా తియ్యడు. ఆవిడకి తుంటి ఆపరేషన్ అయి ఎంతో కాలం కాలేదట, చక్రాల కుర్చీలో తిరుగుతోంది. నడుం కదలకపోయినా నాలుక బాగా కదులుతుంది. కొడుకు కొత్త ఇంటి సంగతి, టోపీ బాబాయిగారి గురక సంగతి అన్నీ చెప్పేసి, మా అత్తయ్యని వదినగారూ అని వరస కలిపి, ఏం చేసేవారని అడిగింది.

"ఆసుపత్రిలో పని" అంది అత్తయ్య.

"నర్సా?" అందావిడ సంబరంగా.

అత్తయ్య తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. చీరకొంగు సర్దుకుంది. అవతలివాళ్ళకి అది చాలు. ఆ క్షణం నుంచి మా అత్తయ్య నర్సయి కూర్చుంది. ఆ పిన్నిగారు సంచిలోంచి మాత్రల డబ్బా తీసి, ఏది భోజనానికి ముందు, ఏది తర్వాత, ఈ తెల్లదాంతో కడుపుమంట వస్తుందా అని వరసగా అడగసాగింది. డాక్టరు చెప్పినట్టే వేసుకోండి అంటూ అత్తయ్య కిటికీలోకి చూసింది.

నేను ఆవిడ చెవి దగ్గరికి వంగాను. "మీరు నర్సెప్పుడయ్యారు అత్తయ్యా?"

"నేనన్నానా? ఆవిడంది."

"మీరు కాదనలేదుగా."

"అక్కడికెళ్ళాక ఎలాగూ ఇలాగే అనుకోనివ్వాలి కదే. ఇక్కడినుంచే అలవాటు చేసుకుంటున్నా" అంది, ఎప్పటిలాగే మెల్లగా. నాకు కళ్ళు మండాయి. ఆడబిడ్డ మీద కోపంతో ముందు సీటు కడ్డీ అంత గట్టిగా పట్టుకున్నానంటే, టోపీ బాబాయిగారు వెనక్కి తిరిగి, బస్సు ప్రయాణం పడదా అమ్మాయ్ అని జాలిగా అడిగారు. బస్సు పడని కండక్టరు!

ఊరు బాగానే ఉంది. పాత వీధుల్లో కొట్ల షట్టర్లు సగం లేచి ఉన్నాయి. ఒకాయన రబ్బరు గొట్టంతో తన కొట్టు ముందు గచ్చుతో పాటు పక్క కొట్టు ముందు గచ్చు కూడా కడుగుతున్నాడు. మిద్దెల మీద ఆరేసిన దుప్పట్లు, గుమ్మంలో కుట్టుమిషను తొక్కుకునే మనిషి, నదిలో బల్లకట్టు మీద సైకిళ్ళు. ఆ ఊరి బస్సుల్లో కండక్టర్లు లేకపోవడం చూసి కొంచెం దిగులేసింది. ఇంకో రోజయితే అత్తయ్య చెయ్యి పట్టుకుని అన్నీ చూపించేదాన్ని. ఆ రోజు ఆవిడ దేన్నీ చూడటం లేదు.

చివరికి ఒక పాత భవనం ముందు ఆపారు. ఒకప్పుడు వ్యాపారుల ఆఫీసులట, ఇప్పుడు చూడటానికి ఉంచారు. మీద వరండాలోకి వెళ్తే ఊరంతా కనిపిస్తుందంది జెండా అమ్మాయి. పైకి వెళ్ళే లిఫ్టు కూడా ఆ భవనమంత పాతదే, మార్చకుండా అలాగే నడుపుతున్నారని గొప్పగా చెప్పింది.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అప్పటికే లిఫ్టు వైపు నడుస్తోంది. మోకాలి సంగతి మర్చిపోయినట్టుంది. ఇనప ఊచల జాలీ తలుపు, లోపల కర్ర స్టూలు, గోడకి ఇత్తడి హేండిల్. తెల్ల గ్లవ్స్, కుచ్చు టోపీ వేసుకున్న ఒక నడివయసు మనిషి నవ్వుతూ అందరినీ లోపలికి రమ్మన్నాడు. చక్రాల కుర్చీ, టోపీ బాబాయిగారు, మేము, ఇంకొందరు ఎక్కాం. అత్తయ్య ఎవర్నీ తోసుకోకుండానే ఎలా వెళ్ళిందో, హేండిల్ పక్కకి వెళ్ళి నిలబడింది.

జాలీ మూసుకుంది. లిఫ్టు ఒక మూలుగు మూలిగి లేచింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఆవిడ కుడిచెయ్యి కొంగు మడతల్లో తనంతట తనే తిరగడం నాకు కనిపించింది. జాలీ అవతల ఒక్కో అంతస్తూ కిందికి జారిపోతోంది. ఉన్నట్టుండి, నిద్రలో మాట్లాడినట్టు కాకుండా, స్పష్టంగా, అలవాటైన గొంతుతో అంది:

"మూడు. కాన్పుల వార్డు. తలుపుకి దూరంగా నిలబడండమ్మా."

పరాయివాళ్ళకి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు ఇద్దరున్నారు. పిన్నిగారు నోరు తెరుచుకుని అత్తయ్య వైపు చూసింది. కళ్ళు తెరిచిన అత్తయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరైనా ఏమైనా అనేలోపే పై అంతస్తు వచ్చింది. కుచ్చుటోపీ మనిషి కొంచెం ఎత్తున ఆపాడు, దించాడు, మరీ దించాడు, మళ్ళీ లేపాడు, ఇక చాలనుకుని జాలీ తెరిచాడు. బాబాయిగారు కుర్చీ తోశారు. ముందు చక్రం గడపకి కొట్టుకుని ఎగిరిపడింది. పిన్నిగారు అమ్మా అంది. ఆవిడకంటే ఒక క్షణం ముందే అత్తయ్య అంది.

వరండాలో అందరూ ఊరు చూస్తూ ఫొటోలు తీసుకుంటున్నారు. పిన్నిగారు తుంటి పట్టుకుని కళ్ళల్లో నీళ్ళు అణుచుకుంటోంది. అత్తయ్య ఆవిడ కుర్చీ పక్కన నేలమీదే కూర్చుంది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటుందేమో, ఏదో ఒకటి చెప్పి కప్పేస్తుందేమో అనుకున్నాను. ఏదైనా చెబితే ఈసారి కూడా కాదనకుండా ఉండటానికి నన్ను నేను సిద్ధం చేసుకుంటున్నాను.

"నేను నర్సుని కాదు వదినగారూ" అంది. "లిఫ్టు నడిపేదాన్ని. మా ఆసుపత్రిలో మూడో అంతస్తులో కాన్పుల వార్డు. మీరు నర్సంటే ఊరుకున్నాను. తప్పయింది."

పిన్నిగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు తేరిపార చూసింది. కోపమొచ్చిందేమో అని భయపడ్డాను.

"ఆ ముక్క కిందే చెప్పి చావొచ్చు కదండీ" అంది. "ఎక్కేటప్పుడే ఆ పిడి మీ చేతికిప్పించేదాన్ని. నా నడుం దక్కేది."

అత్తయ్య నవ్వింది. బయల్దేరిన తర్వాత మొదటిసారి.

ఆ మాట నాకు చాలు. నేను జెండా అమ్మాయిని పట్టుకున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు కొంచెమే, గొంతు మాత్రం బోలెడుంది. మా అత్తయ్య ఎవరో, ఏం చేసేదో, దిగేటప్పుడు ఆ కుర్చీ ఎగిరిపడితే ఆ తుంటి ఏమవుతుందో చెప్పాను. ఆ అమ్మాయి నిబంధనలు ఒప్పుకోవంది. అది ఆ పిల్ల ఉద్యోగం, ఆ పిల్ల భయం ఆ పిల్లది. ఈలోగా అత్తయ్య మా ఇద్దరినీ వదిలేసి కుచ్చుటోపీ మనిషి ముందుకి వెళ్ళి నిలబడింది. మాటలేం లేవు. అరచెయ్యి చదునుగా పెట్టి, రెండో అరచెయ్యి దాని పక్కన కొంచెం కిందుగా తెచ్చి, రెండూ కలిసేదాకా నెమ్మదిగా పైకి లేపి చూపించింది. తర్వాత చక్రాల కుర్చీ వైపు చూసింది. ఆయన ఆవిడ చేతుల్ని చూశాడు. కుడి అరచేతిలో బొటనవేలి మొదట్లో, ఏళ్ళ తరబడి హేండిల్ రుద్దుకున్న చోట, ఇప్పటికీ ఒక కాయ ఉంది. ఆయన గ్లవ్ విప్పి తన అరచెయ్యి చూపించాడు. అదే చోట, అలాంటి కాయే.

జెండా అమ్మాయి జెండా చుట్టేసి పక్కకి జరిగింది.

ఆయన తెలివైనవాడు. ముందు అత్తయ్యనీ నన్నూ మాత్రమే ఎక్కించుకుని, తన చెయ్యి దగ్గరలోనే ఉంచి, ఒక అంతస్తు దింపమన్నాడు. అత్తయ్య స్టూలు జరిపేసింది. ఆవిడ ఎప్పుడూ నిలబడే నడిపేదట, స్టూలు కూతురి కోసమేనట. హేండిల్ పట్టుకుంది. లిఫ్టు దిగింది. చెయ్యి నడిమికి తెచ్చింది. నాలుగు వేళ్ళ తేడాతో ఆగింది.

చెయ్యి మర్చిపోయిందా? ఇన్నాళ్ళూ మేం చెప్పుకున్న గొప్పంతా ఇంతేనా? అత్తయ్య మాత్రం కంగారుపడలేదు. నేలని మడమతో రెండుసార్లు తట్టి చూసింది.

"మనిద్దరం బరువు లేం. పైగా ఇది మా దానికంటే దుడుకుది" అంది. "ఇప్పుడు దీని గుణం తెలిసింది."

మళ్ళీ పైకి తీసుకెళ్ళింది. అక్కడ ఆపినప్పుడు నేను వంగి చూశాను. లిఫ్టు చెక్కా, వరండా రాయీ ఒక్క మట్టం.

అందరూ ఎక్కారు. పిన్నిగారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. అత్తయ్య ఎక్కినవాళ్ళని ఒకసారి తేరిపార చూసి, మడమలు ఆనించి నిలబడింది. ఈసారి కొంగు చాటు లేదు. హేండిల్ తిప్పి, అంతస్తు అంతస్తుకీ పైకే చెప్పింది. "ఎముకల వార్డు." "మూడు. కాన్పుల వార్డు." "పిల్లల వార్డు." వినేవాళ్ళకి ఏమర్థమైందో తెలియదు, అందరూ తలుపుకి దూరంగా జరిగారు. కింది అంతస్తు ఇంకా రాకముందే ఆవిడ చెయ్యి కదిలింది. లిఫ్టు ఆగిన సంగతి మాకు కాళ్ళకి తెలియలేదు. జాలీ తెరిచిన చప్పుడుతో తెలిసింది.

బాబాయిగారు కుర్చీ తోశారు.

పిన్నిగారు కళ్ళు ఇంకా మూసుకునే ఉంది. "జాగ్రత్తండీ, నెమ్మదిగా దించండి" అంది.

"దించడం అయిపోయిందే. నువ్వు వీధి గుమ్మం దగ్గరున్నావు" అన్నారాయన. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

కుచ్చుటోపీ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, రెండు నేలలూ కలిసిన చోట అరచెయ్యి అటూ ఇటూ రాశాడు. లేచి అత్తయ్య చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఎక్కడ పనిచేసేవారని జెండా అమ్మాయి చేత అడిగించాడు. నేను చెప్పబోయాను. అత్తయ్య నన్ను చేత్తో ఆపింది.

"హాస్పిటల్" అంది. "లిఫ్ట్."

అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నా బస్సులో వెనక సీటుదాకా వినపడేది. మాట్లాడేవాళ్ళ సంఖ్య ఇంట్లో ఎప్పుడూ ఒకటే ఉండాలి కాబోలు, ఆవిడ మొదలుపెట్టేసరికి నేను మూగదాన్నయ్యాను.

విమానాశ్రయానికి తిరిగొచ్చి గేటు దగ్గర కూర్చున్నాక ఆడబిడ్డ ఫోను చేసింది. తిన్నారా, అమ్మ మోకాలెలా ఉంది, ఊరేమైనా చూశారా అంది. నేను ఏదో అనబోతుంటే అత్తయ్య ఫోను తీసుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి రెండు వైపులా వినపడుతోంది.

"ఇక్కడ లిఫ్టు నడిపానే అమ్మాయ్" అంది. "పాతది. మనలాంటిదే."

ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఇంకో మాట. నువ్వు చెప్పినట్టు ఉందామనే చూశాను, నా వల్ల కాలేదు. అక్కడ ఎవరూ అడక్కపోతే నేను ఎత్తను. అడిగితే మాత్రం లిఫ్టు నడిపాననే చెబుతాను. నీకు చిన్నతనమయితే ఇప్పుడే చెప్పు, పెళ్ళిలో వెనక వరసలో కూర్చుంటాను. ఇంకోటని మాత్రం అనలేను."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది. ఆడబిడ్డ ఏమంటుందో నాకు తెలుసనుకుని, దానికి ఏం జవాబివ్వాలో మాటలు పేర్చుకుంటున్నాను. మంచి పదునైన మాటలే దొరికాయి.

"మట్టానికి ఆగిందా అమ్మా?" అంది ఆడబిడ్డ.

నేను పేర్చుకున్న మాటలన్నీ వృథా అయిపోయాయి.

"మొదట కొంచెం తప్పింది. తర్వాత వెంట్రుకవాసి తేడా లేదు" అంది అత్తయ్య.

"లోపల స్టూలుందా?"

"ఉంది. పక్కకి జరిపేశాను. కూర్చోడానికి నువ్వు లేవుగా."

అటువైపు ముక్కు చీదిన చప్పుడయింది. కాసేపటికి ఆడబిడ్డ ఎప్పటి పెత్తనం గొంతు తెచ్చుకుంది. "నువ్వేం చెప్పకు. వాళ్ళందరికీ నేనే చెబుతాను. నువ్వు చెబితే తక్కువ చేసి చెబుతావు" అంది.

అత్తయ్య ఫోను నా చేతికిచ్చేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. చెప్పేటప్పుడు హేండిల్ ఇత్తడిదని మర్చిపోవద్దని ఆడబిడ్డకి చెప్పాను. అది నాకు తెలుసులే వదినా, రోజూ తోమింది నేనే అంది.